రాజకుమారికి బువ్వ ఎవరు పెట్టిన్రు

నా పుస్తకం గురించి ఎవరు మాట్లాడినా ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలుపెడతారు. ఏడేళ్లు గుహలో బందీగా ఉన్న రాజకుమారికి అన్నం ఎవరు పెట్టారు? పిల్లల అద్భుత కథల్లో ఆడవాళ్ల గురించి నేను రాసిన వ్యాసాలకు పేరు తెచ్చింది ఆ ప్రశ్నే. మొన్నామధ్య బహదూర్‌పల్లిలో ఒక బడివాళ్లు పిలిస్తే వెళ్లాను. పుస్తకాల గది గోడ మీద ఆ ప్రశ్నను రంగురంగుల అక్షరాలతో రాయించి, కింద నా పేరు పెట్టారు. ఆ గది చూసుకునే టీచరమ్మకు పాతికేళ్లు కూడా ఉండవు. నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లి ఫొటో దిగమంది. దిగాను. నవ్వాను కూడా. తిరుగుదారిలో కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను గానీ, ఏం చూశానో నాకు గుర్తు లేదు.

ఆ ప్రశ్న నాది కాదు. దాన్ని మొదట అడిగిన మనిషికి సంతకం పెట్టడం కూడా రాదు. ఆమె పేరు పెంటమ్మ. నా పుస్తకంలో ఎక్కడా, చివరి కృతజ్ఞతల పేజీలో కూడా, ఆ పేరు లేదు. మర్చిపోయి కాదు. ఆ పేరు రాస్తే దాని వెనకున్నదంతా రాయాల్సి వస్తుంది. ఇన్నేళ్లూ తప్పించుకున్నాను, ఇవాళ రాస్తున్నాను. ఇది చదివి నన్ను మెచ్చుకోవద్దని ముందే చెబుతున్నాను. ఆలస్యంగా నిజం చెప్పినవాళ్లను మెచ్చుకోవడం ఈమధ్య మరీ ఎక్కువైపోయింది, నాకది గిట్టదు.

మాది ద్రాక్షతోట. ఇప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో కాలనీలు, ఫంక్షన్ హాళ్లు తప్ప ఏమీ కనిపించవు గానీ, నా చిన్నతనంలో ఆ చుట్టుపక్కల ఎటు చూసినా పందిళ్లే. రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి ద్రాక్షను పాకించేవాళ్లు. పందిరి కిందికి వెళితే మిట్టమధ్యాహ్నం కూడా ఆకుపచ్చటి మసక. బయట ఎండ మండిపోతున్నా లోపల నేల తడితడిగా, చల్లగా ఉండేది. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన నీలపు మరకలు ఆకుల మీద ఎప్పుడూ ఉండేవి. ఆ వాసన, పేడ ఎరువు వాసన, రాలి పులిసిన పండ్ల వాసన కలిసి మా బట్టలకు పట్టేసేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. పందిరి మనిషెత్తే కాబట్టి కూలికి వచ్చిన ఆడవాళ్లు తల వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి పనిచేసేవాళ్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా చేతులెత్తి నిలబడిన ఇరవైమంది ఆడవాళ్లను చూస్తూ పెరిగాను. అప్పుడు అందులో నాకేమీ వింత కనిపించలేదు.

తోట పేరుకు నాయినదే అయినా, పెత్తనం మా అవ్వది, అంటే నాయిన తల్లిది. తమలపాకుల సంచి ఒళ్లో పెట్టుకుని పందిరి అంచున నులకమంచం మీద కూర్చునేది. కత్తెరలు పొద్దున ఇచ్చేటప్పుడు లెక్క, సాయంత్రం తీసుకునేటప్పుడు లెక్క. ఆమె పెట్టిన కట్టుబాట్లు రెండు. మొదటిది, రాలిన పండైనా సరే కూలివాళ్లు ముట్టకూడదు. రెండోది, పని దగ్గర ముచ్చట్లు ఉండకూడదు. పండు పక్వానికొచ్చాక గుత్తిలోని చెడ్డ కాయల్ని కత్తెరతో ఏరాలి, మాటల్లో పడితే మంచి కాయ తెగుతుంది. చెవులకు ఏదైనా పని పెడితే నోళ్లు వాటంతటవే ఊరుకుంటాయని ఆమె లెక్క. అందుకని ఆదివారాలు, ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్నాలు నన్ను ఒక చెక్కపెట్టె బోర్లించి దాని మీద కూర్చోబెట్టేది. నా పని గట్టిగా కథలు చదవడం. మేడ్చల్ బస్టాండు దగ్గరి కొట్లో నాయిన నెలనెలా కొనుక్కొచ్చే పిల్లల పత్రిక ఒకటి ఉండేది. నేను చదువుతుంటే పందిరంతా కత్తెరల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. నాకు పదకొండేళ్లు. తరగతిలో మొదటిదాన్ని. నా గొంతును ఇరవైమంది పెద్దవాళ్లు నోరు మూసుకుని వింటున్నారంటే నేలమీద కాళ్లు ఆనేవి కావు.

ఆ కథల్లోని ఆడవాళ్ల గురించి తర్వాత సభల్లో చాలా చెప్పాను. రాజకుమారికి పని ఉండదు, ఎవరో ఒకరు ఎత్తుకుపోవడమే ఆమె పని. ఆమె చిరునామా మొదట తండ్రిది, కథ చివర మొగుడిది. తల్లి కథ మొదలు కాకముందే చచ్చిపోయి ఉంటుంది. ఇక మిగిలింది మంత్రగత్తె. ఆ కథలన్నిటిలో సొంత ఇల్లు, సొంత విద్య, తనకంటూ ఒక అభిప్రాయం ఉన్న ఆడది ఆమె ఒక్కతే. అందుకే కాబోలు, ఆమెకు వంకర ముక్కు పెట్టి చివరి పేజీలో చంపేస్తారు. ఈ మాటలు చెప్పినప్పుడల్లా సభల్లో చప్పట్లు పడతాయి. కానీ ఆ చెక్కపెట్టె మీద కూర్చున్నప్పుడు నాకు ఇవేవీ తెలియవు. ఇవన్నీ తెలిసిన మనిషి ఎదురుగా మూడో వరసలో కత్తెర పట్టుకుని నిలబడి ఉంది.

పెంటమ్మకు అప్పటికి యాభై ఉంటాయేమో. ఆమె కంటే ముందు పుట్టినవాళ్లు ముగ్గురూ పురిట్లోనే పోతే, ఈ పిల్లనైనా చావు అసహ్యించుకుని వదిలేస్తుందని పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తీసి ఆ పేరు పెట్టారట. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా తోటకూ రోడ్డుకూ మధ్య ఆమెకు ఎకరం మెట్ట చెలక, అందులో ఒక రేకుల ఇల్లు. గదవ మీద, కింది పెదవి కింద, మూడు పచ్చబొట్టు చుక్కలు. పసరికలు, అంటే కామెర్లు, వచ్చినవాళ్లకు ఆకు పసరు పోసేది. ఊళ్లో సగంమంది ఆమె చేతి పసరు తాగి లేచినవాళ్లే, నాతో సహా. ఆకు తెంపేముందు చెట్టుతో ఏదో మాట్లాడేది. అడగకుండా తెంపితే మందు పనిచేయదట. అప్పట్లో తల్లి వయసు వాళ్లనైనా పేరు పెట్టి పిలవడమే మా ఇంటి అలవాటు. ఆమెను నేను పెంటమ్మా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది.

మా కాక, అంటే నాయిన తమ్ముడు, తోటల కాలం అయిపోయిందని అందరికంటే ముందు కనిపెట్టినవాడు. పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్లకు భూములు చూపిస్తూ తిరిగేవాడు. పెంటమ్మ ఎకరం కలవకపోతే మా భూమికి రోడ్డు లేదు. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆమె, మరి నేనెక్కడుండాలె అని ఒకే మాట అంది. కాక ఆ మాట మా ఇంట్లో అన్నం తింటూ చెప్పి నవ్వేవాడు. నాయిన నవ్వేవాడు కాదు, వద్దనేవాడూ కాదు.

ఆ ఏడాది పత్రికలో ఒక పెద్ద కథ విడతలుగా వస్తోంది. గుట్ట మీది మంత్రగత్తె రాజకుమారిని ఎత్తుకెళ్లి ఏడేళ్లు గుహలో దాచింది, రాకుమారుడు కత్తి పట్టుకుని బయలుదేరాడు. నేను గొంతు మార్చి మార్చి చదువుతున్నాను. గుహ తలుపు దగ్గరికి వచ్చేసరికి పెంటమ్మ చేతులు దించి, ఆగు బిడ్డా అంది.

"ఏడేండ్లు గుహల ఉన్నది గదా, గా రాజుబిడ్డకు బువ్వ ఎవరు పెట్టిన్రు?"

పేజీ ముందుకీ వెనక్కీ తిప్పాను. లేదు. మంత్రగత్తె పెట్టి ఉంటుంది అన్నాను.

"ఏడేండ్లు వండి పెట్టినామె శెడ్డదెట్లయితది? గా రాజు ఒక్కనాడన్న తన బిడ్డకు వండి పెట్టిండా?"

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. కత్తెరలన్నీ ఆగిపోయాయి. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే వరస. బిడ్డ కనబడకపోతే తల్లి ఏమందని అడిగేది. తల్లి లేదంటే, గీ కథలల్ల తల్లులందరు యాడికి వొయిన్రు అనేది. గెలిచినవాడికి పిల్లనిస్తానని రాజు చాటించినప్పుడు, ఆ పిల్లను అడిగాడా అనేది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగేది. అదే నాకు ఇంకా మంట. ఆమె అడుగుతుంటే నేను గుడ్లప్పగించి పేజీలు తిప్పాలి. మిగతావాళ్లు ఇక కథ కోసం కాదు, పెంటమ్మ ఎక్కడ ఆపుతుందా అని వినసాగారు. అవ్వ కూడా ఒకసారి పెదవి బిగించి నవ్వాపుకోవడం చూశాను. ఆ రోజు అన్నం తినలేదు.

తర్వాతి ఆదివారం కొత్త విడత వచ్చింది. అందులో మంత్రగత్తె గురించి రెండే వాక్యాలున్నాయి, ముసలిది, కర్ర పట్టుకుని ఉంది అని. వాటి తర్వాత నేను ఆగలేదు. కళ్లు పేజీ మీదే పెట్టి, ఎప్పుడూ చదివే గొంతుతోనే చదువుతూ పోయాను. ఆమె గదవ మీద మూడు పచ్చని చుక్కలు ఉంటాయి. చెలక మధ్యలో రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆకులతో మాట్లాడుతుంది. ఆమె కన్ను పడ్డ పసిపిల్లలు నెల తిరగకుండా చచ్చిపోతారు. ఈ నాలుగు మాటలూ చదివి, ఊపిరి పీల్చుకుని, పేజీ తిప్పాను. రాజులు గుర్రాల మీద తిరిగే కథలో రేకుల ఇల్లు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడిగే మనిషి ఆ ఒక్కతే, ఆమె అందరికంటే ముందు నవ్వింది. నన్ను సూసే రాసినట్టున్నడే అంది. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. పెంటమ్మ పక్క వరసలో పనిచేసే యాదమ్మకు మూడేళ్ల కూతురుండేది, సరిత. ఆ పిల్ల పెంటమ్మ కాళ్ల దగ్గర మట్టిలో ఆడుకుంటోంది. యాదమ్మ కత్తెర కొంగులో దోపుకుని, నడిచి వచ్చి, పిల్లను చంకనేసుకుని తన వరసలోకి తీసుకెళ్లింది. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తుంది. అంత సంతోషం ఆ తర్వాత నేను రాసిన ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

ఇది జరిగి పది పన్నెండు రోజులు అయిందేమో. రోడ్డు పక్క వరసల్లో గుత్తులకు పిండినల్లి పురుగు పట్టింది. కోతకొచ్చిన తోటకు మందు కొట్టకూడదని నాయినకు తెలుసు. పంట పోతుందని భయపడి ఒక సాయంత్రం కొట్టించాడు. కొట్టిన మగవాళ్లకు చెప్పాడు, ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆదివారం. నేను పెట్టె మీద కూర్చుని చదువుతున్నాను. సరిత ఏడుపు మొదలుపెట్టింది. యాదమ్మ అవ్వ మంచం వైపు ఒకసారి చూసి, అవ్వ చూడటం లేదని నిశ్చయించుకుని, వంగి రాలిన పండ్లు నాలుగు గుప్పిళ్లు ఒడిలో వేసుకుంది. చెట్టు చాటున పిల్లకు ఒక్కొక్కటే పెట్టింది. నేను చూశాను. అవ్వకు చెప్పాలా వద్దా అని కూడా ఆలోచించాను. చదువుతున్న చోటు బాగుందని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి పిల్ల వాంతులు చేసుకుంది, నోట్లోంచి నురగ వచ్చింది. నాయిన జీపులో మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్ల ఏం తిన్నదని డాక్టరు అడిగితే యాదమ్మ ఏమీ తినలేదని చెప్పిందట. కూలివాళ్లకు నాయిన పటేల్. పటేల్ తోటలో పండు దొంగిలించానని పటేల్ ఎదుటే ఎలా చెప్పగలదు? ఆమె పక్కనే నిలబడిన నాయిన, తోటకు మందు కొట్టానని చెప్పలేదు. ఇద్దరిలో ఒక్కరు నోరు తెరిచినా పిల్ల బతికేదేమో. సాయంత్రానికి శవాన్ని తీసుకొచ్చారు. చీకటి పడకముందే, బావి వెనక నాయిన తన చేత్తో గుంట తవ్వడం చూశాను. పార పట్టడం ఆయనకు సరిగా రాదు. పుర్రె బొమ్మ ఉన్న ఆకుపచ్చ డబ్బా ఒకటి ఆ గుంటలో వేసి మట్టి కప్పాడు. తలెత్తి నన్ను చూశాడు. లోపటికి పో బిడ్డా అన్నాడు, కోపంగా కాదు. నాయిన గొంతు అంత చిన్నగా ఉండటం నేను అంతకుముందు వినలేదు.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి మా ఇంటి ముందు జనం చేరారు. అప్పటికే మాట ఊరంతా తిరిగింది. పెంటమ్మ కన్ను పడిందని, నెల తిరగలేదని, పుస్తకంలో అచ్చు ఇలాగే రాసి ఉందని. నురగ కక్కుతారని కూడా పుస్తకంలో ఉందన్నారు. ఆ మాట నేను చదవనే లేదు. యాదమ్మ గచ్చు మీద కూర్చుని ఊగుతోంది, ఏడవడం లేదు. అవ్వ తమలపాకు ఈనె తీస్తోంది. నాయిన స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. పెంటమ్మను పిలిపించారు. చెలకలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు మట్టి ఉంది. ఏందిది, ఏమైంది అని అందర్నీ చూసింది. కాక నన్ను పిలిచి పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చాను. ఆయన దాన్ని తీసుకుని ఎత్తి అందరికీ చూపించాడు. తెరవలేదు. గిండ్ల ఉన్నదంటున్నరు అన్నాడు, అంతే.

పెంటమ్మ ఎవరితోనూ వాదించలేదు. జనంలోంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు సదివినవ్ గదా. గట్ల రాసి ఉన్నదా? నా తీరు రాసిన్రా?"

ఆ గొంతులో బతిమాలడం లేదు. పందిరి కింద అడిగినట్టే, జవాబు నా దగ్గరుందన్నట్టే అడిగింది. నేను నాయిన వైపు చూశాను. ఆయన తలెత్తలేదు. లేదంటే నేను అబద్ధాలు చదివానని తేలుతుంది. మరి పిల్ల ఎలా పోయిందని అందరూ మళ్లీ అడుగుతారు. అడిగితే పండ్లు వస్తాయి, పండ్ల వెంట డబ్బా వస్తుంది. పదకొండేళ్ల బుర్రలో ఇదంతా ఇంత వరసగా ఉందని చెప్పను గానీ, ఉంది. నాకు తెలియక చెప్పానని ఇన్నేళ్లు నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను, కుదరలేదు.

"ఉంది" అన్నాను.

అవ్వ నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది. మంత్రం పలకాలంటే పళ్లుండాలని మా వైపు ఒక నమ్మకం. చేతబడి చేసిందనుకున్న మనిషికి ముందు పళ్లు ఊడగొడతారు, అక్షరం నిలవకూడదని. బయట అరుపులు వినిపిస్తాయని చెవులు మూసుకున్నాను. వినిపించలేదు. చాలాసేపటికి చేతులు తీశాను, అప్పుడూ ఏమీ వినిపించలేదు. అవ్వ నాకు పెరుగన్నం కలిపి పెట్టింది. ఎవరూ ఠాణాకు పోలేదు. రెండు రోజుల తర్వాత రేకుల ఇంటికి తాళం ఉంది. అవ్వ ఇక నన్ను పెట్టె మీద కూర్చోమనలేదు, నేనూ అడగలేదు. ఏడాది తిరిగేసరికి ఆ ఎకరంలో సర్వే రాళ్లు పాతారు. ఆమె చుట్టం ఎవరితోనో వేలిముద్ర పెట్టించుకున్నారని విన్నాను. మా తోటకు రోడ్డు వచ్చింది, ఆ తర్వాత కొన్నాళ్లకు తోట పోయింది.

నేను యూనివర్సిటీలో పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటాక, పెంటమ్మ జీడిమెట్లలో చెల్లెలి కూతురి దగ్గర ఉందని తెలిసింది. అప్పటికే నా మొదటి వ్యాసం అచ్చయింది. గుహలో అన్నం ప్రశ్నతోనే దాన్ని మొదలుపెట్టాను. పేరున్న రచయితలు ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు వచ్చిన వారమే భయం పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. మందుల కంపెనీల వెనక సందులో ఒకే గది. గాలిలో కుళ్లిన మందు వాసన, కాలువలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. మాటలు గాలిగా వచ్చేవి, రెండోసారి అడిగితే గానీ అర్థమయ్యేవి కావు. ఇక్కడ ఆ మాటల్ని సరిచేసి రాస్తున్నాను, పలికినట్టే రాయడం నాకు చేతకాదు. అవ్వా అని పిలిచి, నేనే కల్పించి చదివానని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె నా ఏడుపు అయిపోయేదాకా ఆగింది.

"పుస్తకంల లేదని నాకెరుకనే. మీ నాయినకెరుకనే, మీ కాకకెరుకనే. ఇద్దరికి సదువొస్తది గదా బిడ్డా, ఒక్కలన్న గా పుస్తకం తెరిసిన్రా? తెరుస్తే అడ్డమొస్తదని తెరవలే."

మరి నన్నెందుకు అడిగావని అన్నాను. చిన్నపిల్లవు, ఉన్నదున్నట్టు చెప్తవనుకున్న అంది. క్షమించానని అనలేదు. కోపమనీ అనలేదు. నేను లేస్తుంటే మాత్రం, ఎరుకున్నోళ్లకు చెప్తే ఏమొస్తది, ఎరుక లేనోళ్లకు చెప్పు అంది. చెబుతానని మాటిచ్చాను. ఆమె ప్రశ్నలతో పుస్తకం రాస్తున్నానని మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లకు ఆమె పోయింది, నాకు ఆ కబురు కూడా ఎవరో మాటల్లో చెబితే తెలిసింది.

ఇప్పుడు ఆ భూమి మీద మూడంతస్తుల ఇళ్లు, సిమెంటు దారులు. కాలనీకి ద్రాక్షతోట పేరే పెట్టారు, ఒక్క తీగ లేదు. అవ్వ, నాయిన పోయారు. నాయిన ఆఖరి రోజుల్లో కూడా ఆ డబ్బా గురించి నాతో ఒక్క మాట అనలేదు, నేను అడగలేదు. కాక ఎన్నికలప్పుడు గోడల మీద నవ్వుతూ కనిపిస్తాడు. అప్పటి ఆడవాళ్లలో ఆ కాలనీలోనే ఉంటున్నది యాదమ్మ ఒక్కతే, కొడుకు అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. బహదూర్‌పల్లి గోడ చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె దగ్గరికి వెళ్లాను.

సంతోషంగా కూర్చోబెట్టింది. పదేళ్ల మనవరాలిని పిలిచి, మన సునీతమ్మ, గా కథ సదివినామె అని చూపించింది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ ఆమె ఆ కథను పిల్లలకు చెబుతూనే ఉందని. మనవరాలు గడగడా అప్పజెప్పింది. మంత్రగత్తె ఒక్కతే ఉంటది, తలుపు బంద్ చేసుకునే ఉంటది, మూడు పిల్లులుంటయ్, పళ్లు ఊడగొడితే మంత్రం పోతది. పిల్లులు నేను చదివినదాంట్లో లేవే అన్నాను. పిల్ల తల దించుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఆ ఇంటి గుమ్మంలోంచి చూస్తే ఎదురింటి పిట్టగోడ మీద బూడిదరంగు పిల్లి ఒకటి ఎండకు పడుకుని ఉంది. ఆ ఇంట్లో ఎవరుంటారని అడిగాను. రిటైరైన నర్సమ్మ, మూడు పిల్లుల్ని పెట్టుకుని ఒక్కతే ఉంటుందని, ఎవరితో కలవదని యాదమ్మ చెప్పింది.

యాదక్కా, పుస్తకంలో అవేవీ లేవు, నేను కల్పించాను అన్నాను. ఆమె ప్రేమగా నా మోకాలి మీద చెయ్యి వేసింది. నువ్వు మర్సినవ్ బిడ్డా, పుస్తకంలనే ఉండె అంది. లేదక్కా అన్నాను.

"లేకుంటే నా బిడ్డ ఎట్ల సచ్చింది మరి?"

ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. అక్కడే ఆగిపోయి లేచి వస్తే ఆమె ముసలితనం ప్రశాంతంగా గడిచేది. ఆగుదామనే అనుకున్నాను. మనవరాలు మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూస్తోంది. ముందు రోజు తోటకు మందు కొట్టించింది మా నాయిన అని చెప్పాను. మీకెవరికీ చెప్పలేదు, డబ్బా పూడ్చిపెట్టడం నేను చూశాను అన్నాను. పాపకు నువ్వు పండ్లు పెట్టడం కూడా చూశాను అన్నాను.

యాదమ్మ చెయ్యి నా మోకాలి మీదనే ఉంది. తర్వాత తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ అరచేతినే చూసుకుంటూ మాట్లాడింది.

"నా ఒళ్లెకెల్లి పెట్టిన పండ్లు నాకెరుక గావా బిడ్డా. గా దినమే ఎరుక."

మనవరాలు దగ్గరికి జరిగి నానమ్మ భుజం పట్టుకుంది.

"మరి గామె పళ్లెందుకు ఊడగొట్టిన్రు నానమ్మా?"

యాదమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. పిల్ల మా జవాబు కోసం అలాగే నిలబడి ఉంది.